పెరిగ్రిన్‌కి పెట్టిన చేపన్నం

నిన్న నేను చేసిన ఘనకార్యానికి ఇంకా ఆ ఇంట్లోనే పనికి ఉండానంటే నాకే నమ్మకం కుదరల్యా! కూర్చోండి, టీ తాగతా వినండి.

ఇక్కడే ఎగైలా పేటలో పనికి కొత్త ఇల్లు దొరికిందని చెప్పినా కదా? ఇంగ్లీషోళ్ల మేడం, స్కూల్లో టీచరు. వారం రోజులు పని చూసి, నచ్చితే ఈ దేశంలో ఉండేదానికిచ్చే నా ఇఖామా కార్డు వాళ్ల పేరు మీదికి మార్పిస్తామన్నారు. నా వీసాకి పూచీ ఉండే పాత ఇంటి యజమాని, కఫీల్, ఇచ్చిన గడువు ఈ నెలాఖరుకి ఖలాస్. ఈ పని పోతే నేను పెట్టె సర్దుకోని మా ఊరు రాయచోటికి పోవాల్సిందే.

నిన్న మొదటి రోజు. మేడం స్కూలుకి పోతా పోతా హడావిడిగా చెప్పింది. పెరిగ్రిన్ పైన నిద్రపోతున్నాడు, లేపొద్దు. ఒంటిగంటకి చేప పెట్టు, ముళ్లు తీసి పెట్టు. ఎండలో బయటికి పోనియ్యొద్దు, పోతే ఎక్కడెక్కడో తిరిగి సాయంత్రానికి గానీ రాడు. ఆ పేరుకి నాకు నోరు తిరగల్యా. పెరి, గ్రిన్ అని రెండు ముక్కలు చేసి మూడుసార్లు పలికించింది. పాతకాలం పేరంట. దేశాలు తిరిగేవాడని అర్థమంట. వాళ్ల దేశంలో కూడా వెతికితే గానీ దొరకదంట.

మేడం కారెక్కింది. నేను చూస్తే పై మెట్టు మీద బూడిదరంగు పిల్లి, బాగా బలిసి, గుర్రు పెట్టి నిద్రపోతా ఉంది. ఓహో, పెరిగ్రిన్ ఈయనేనా అనుకున్నా. పేరు కూడా బలే కుదిరింది, తిరగని పిల్లి ఎక్కడన్నా ఉంటుందా?

ఒంటిగంటకి చేప వేయించి, ముళ్లు ఒక్కొక్కటీ ఏరి, అన్నంలో కలిపి, గిన్నె వంటింటి గడప దగ్గర నేలమీద పెట్టినా. పెరిగ్రిన్, పెరిగ్రిన్ అని పిలిచినా. పిల్లి చెవి కూడా కదిలించల్యా. మొదటిరోజే అది పస్తుంటే మేడం ఏమనుకుంటుంది? గరిటెతో గిన్నెని టంగుటంగున కొట్టి, వీధంతా వినపడేట్టు అరిచినా.

పైన తలుపు తెరుచుకుంది. ఆరడుగుల ముసలాయన నిక్కరేసుకోని, కండ్లు నలుపుకుంటా దిగొచ్చినాడు. నా పైప్రాణాలు పైనే పోయినాయి. ఇంట్లో మొగమనిషి ఉండాడని నాకెవరు చెప్పినారు? గరిటె ఎత్తి పట్టుకోని, ఎవరు నువ్వని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగినా.

“పెరిగ్రిన్,” అన్నాడు.

పాపం ఈయన కూడా పిల్లినే వెతుక్కుంటున్నాడేమోనని మెట్ల మీదికి చూపించినా. ఆయన పిల్లిని చూసినాడు, నన్ను చూసినాడు, నేలమీద గిన్నెని చూసినాడు.

“అది జార్జ్. పెరిగ్రిన్ నేను.”

అక్కల్లారా, సిగ్గుతో చచ్చిపోయినా అనుకోండి. ఆయన గిన్నె తీసుకోని, బల్ల దగ్గర కూర్చోని, మొత్తం తినేసి ఇంకొంచెం ఉందా అని అడిగినాడు. నేను మాత్రం నా సంచి సర్ది తలుపు దగ్గర పెట్టుకున్నా.

సాయంత్రం మేడం వస్తానే అంతా చెప్పేసినా.

“మా పక్క ఏ ఆడదీ మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు మేడం. నువ్వు అన్నిసార్లు పేరు చెప్తే పిల్లే అనుకున్నా.”

ఆమె కడుపు పట్టుకోని నవ్వింది. సంచి లోపల పెట్టు, వారమెందుకు, కాయితాలు ఇప్పుడే రాస్తామనింది. నాకు సంతోషంతో ఏడుపొచ్చేసింది.

పెరిగ్రిన్ సారే ఫారం ముందరేసుకోని కూర్చున్నాడు. నా పేరు, పుట్టిన ఊరు గడగడ చెప్పినా. భర్త పేరు అడిగినాడు. తలొంచుకున్నా. మళ్లీ అడిగినాడు. మొగుడి పేరుండే పాస్‌పోర్టు చివరి పేజీ తీసి ఆయన ముందర పెట్టినా.

పరాయామె మొగుణ్ణి పేరు పెట్టి వీధంతా వినపడేట్టు అరిచిన నోరు, సొంత మొగుడి పేరు కాడ పడిపోయింది చూడండి!