సార్జెంటు మొలాపో దొంగ చెయ్యి

సార్జెంటు పాకిసో మొలాపో డాగ్ స్క్వాడులో హ్యాండ్లరుగా చేరిన మొదటిరోజు, ఉదయం ఏడుంపావుకి, ఆయన జాగిలం ఆయన్నే ఎడమ పిరుదు మీద కరిచింది. గాయం లోతు అర అంగుళం. ప్యాంటు ప్రభుత్వానిది కాబట్టి దాని చిరుగు వేరేగా కొలిచారు, నాలుగంగుళాలు వచ్చింది. గాయాల ఫారంలో "కరవబడిన వ్యక్తి" అన్నచోట మూడు గడులుంటాయి: నిందితుడు, ప్రజలు, ఇతరులు.

ఆ ఫారం టైపు చేసింది నేనే.

"ఏ గడిలో టిక్కు పెట్టనన్నా?" అని అడిగాను.

ఆయన కూర్చోలేక కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. "కాస్పర్ని అడుగు చెల్లీ. వాడి లెక్కలో నేను నిందితుణ్ణే."

వాడి లెక్క తప్పని కూడా అనలేం. పాకిసో మా స్క్వాడుకి వచ్చి అప్పటికి పదకొండేళ్లు. హ్యాండ్లరుగా రాలేదు, దొంగగా వచ్చాడు. జాగిలానికి పట్టుకోవడం నేర్పాలంటే పట్టుబడేవాడొకడు ఉండాలి కదా. గోనెపట్టా మీద గోనెపట్టా చుట్టి, లోపల తోలు కుట్టి, భుజం దాకా తొడుక్కునే తొడుగొకటి ఉంటుంది. మేం దాన్ని దొంగ చెయ్యి అంటాం. అది తొడుక్కుని కోసేసిన మొక్కజొన్న చేలో పరిగెత్తాలి. జాగిలం వెంటబడి చెయ్యి పడుతుంది. హ్యాండ్లరు "లోస్" అంటే వదులుతుంది. హ్యాండ్లర్లందరూ తెల్లవాళ్లు, దొంగలందరూ మా నల్లవాళ్లు. అలాగని ఎక్కడా రాసిలేదు. రాయాలని ఎవరికీ తోచనే లేదు. శిక్షణ అయ్యాక బండిలో హ్యాండ్లరు ముందు సీట్లో, జాగిలం వెనక ఇనుప జాలీ బోనులో, పాకిసో ఆ జాలీకి వెనక, గాలిలో, మాంసం డబ్బా పక్కన. సీనియారిటీ మీద సార్జెంటు చారలు వచ్చాక కూడా అదే చోటు, అదే డబ్బా.

మావాళ్లు మొదటిసారి ఓటేసిన ఎన్నికలైన మరుసటి ఏడు ప్రిటోరియా నుంచి ఉత్తర్వు వచ్చింది. హ్యాండ్లరు పనికి రంగుతో నిమిత్తం లేకుండా ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దొంగ చెయ్యి ఇకనుంచి వంతులవారీగా అందరూ తొడుక్కోవాలి. స్క్వాడు అధికారి ఇన్‌స్పెక్టర్ బెస్టర్ ఆ ఉత్తర్వుని నోటీసు బోర్డు మీద అంటించాడు, టీ డబ్బులు కట్టనివాళ్ల జాబితా కింద. జాబితా ఉత్తర్వు కన్నా జానెడు పొడవు.

అయినా పాకిసో చదివాడు. దరఖాస్తు పెట్టాడు.

"పదకొండేళ్లు బాగానే పరిగెత్తావు కదయ్యా, ఇప్పుడేం పుట్టింది నీకు?" అన్నాడు బెస్టర్.

"తాడుకి రెండో కొస ఎలా ఉంటుందో చూద్దామని సార్."

"చూడు. ఆరు వారాలు. పరీక్ష ఒక్కసారే. తప్పావంటే మళ్లీ నా గదిలోకి కాగితం పట్టుకుని రాకు. పెన్షను దాకా ఆ గోనెలోనే ఉంటావు."

"జాగిలాన్ని నేను ఏరుకోవచ్చా సార్?"

"నేనే ఏరాను. కాస్పర్. నీకు బాగా తెలిసినవాడే."

పక్కనే టీ తాగుతున్న కాన్‌స్టేబుల్ జాకో లూట్స్‌కి నవ్వాగక టీ ముక్కులోకి పోయింది. అల్లర్ల రోజుల్లో మా వీధుల మీదకి తోలిన ఉక్కు బండ్ల పేరు పెట్టారు ఆ జాగిలానికి. ఊరికే పెట్టలేదు. మా అందరికన్నా ఎక్కువగా అది కరిచిన మనిషి పాకిసోనే.

లూట్స్ వయసు ఇరవైమూడు. పాకిసోకి నలభైరెండు, పైగా సార్జెంటు. అయినా లూట్స్ నోట ఆ మాట రాదు. "ఏయ్ పాకిసో, ఇవాళ నీ కుక్క నిన్ను ఎన్నింటికి అరెస్టు చేస్తుంది?" అనేవాడు. పొద్దున్నే కాస్పర్ని కట్టే తోలుతాడు కనబడేది కాదు. వెతికితే గోడవతల ముళ్లకంచె మీద ఉండేది. "గాలికి పోయిందేమో" అనేవాడు. ఆ వారమంతా మంచు తప్ప గాలి లేదు.

వీటిని పాకిసో ఓర్చుకున్నాడు. ఆయన్ని తినేసింది వేరే సంగతి. కాస్పర్ నాలుగో వారానికల్లా పక్కన నడవడం నేర్చింది. కూర్చోమంటే కూర్చుంది, పారేసిన చేతిరుమాలు వెతికి తెచ్చింది. ప్రేమతో కాదు, పనిమంతుడైన గుమాస్తా ఇష్టంలేని కొత్త అధికారికి ఫైళ్లు అందించినట్టు. కాని పట్టిన పట్టు మాత్రం పాకిసో మాటకి వదిలేది కాదు. "లోస్" అన్నకొద్దీ ఇంకా గట్టిగా బిగించేది.

ఎందుకో ఆయనే కనిపెట్టాడు. "పదకొండేళ్లుగా గోనెలోంచి నేను అరిచింది ఆ మాటే కదా చెల్లీ. దొంగ వదలమంటే వదలకూడదని వాడికి నేర్పారు. నేర్పినవాళ్లు బాగా నేర్పారు. నా గొంతు వాడికి దొంగ గొంతు."

అది మార్చాలంటే ఇంకొకరు దొంగ చెయ్యి తొడుక్కోవాలి. ఆయన లూట్స్‌ని అడిగాడు.

"నా చెయ్యి మా అమ్మ ఇచ్చింది. నీ ప్రాక్టీసుకి కాదు."

"మా అమ్మా నాకు అవే ఇచ్చింది, రెండు," అని పాకిసో దొంగ చెయ్యిని తీసుకెళ్లి కంచె గుంజకి కట్టాడు. కాస్పర్ గుంజని పట్టింది. గుంజ అరవలేదు, గింజుకోలేదు, కదల్లేదు. కాసేపటికి కాస్పర్‌కి విసుగొచ్చి కొత్త పట్టు కోసం దవడ కొంచెం సడలించింది. సరిగ్గా అప్పుడు పాకిసో "లోస్" అన్నాడు. వదిలింది. రోజుకి ముప్ఫైసార్లు అదే పని. గుంజతో ఎప్పుడూ తప్పలేదు. కాని పరీక్షలో గుంజ ఉండదు.

ఇంటిదగ్గర పరిస్థితి ఇంతకన్నా మెరుగేమీ కాదు. మా వీధి కుళాయి దగ్గర బకెట్లు వరసలో ఉండగా పొరుగావిడ మా-దిసెబో ఆయన్ని పట్టుకుంది. ఎనభై ఆరులో ఆమె తమ్ముడి తొడ చీల్చింది పోలీసు జాగిలమే. అతనిప్పటికీ కుంటుతాడు.

"ఏమయ్యా పాకిసో, కుక్కల దొరవయ్యావట?"

"ఇంకా కాలేదక్కా. పరీక్షుంది."

"ఇన్నాళ్లూ వాళ్ల కుక్క నిన్నే కరుస్తోందని మేం నోరు మూసుకున్నాం. ఇప్పుడు తాడు నీ చేతికొస్తే అది ఎవర్ని కరుస్తుందో చెప్పు."

పాకిసో నీళ్లు పట్టుకోకుండానే బకెట్టు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆయన భార్య మామెల్లో సంకటి పళ్లెం ముందు పెట్టి అడిగిందట, "ఏం జవాబు చెప్పావు?" అని. "వదలమంటే వదిలే కుక్క అయితే అప్పుడు చెప్తాను" అన్నాడట.

జులై మూడోవారంలో, మాకు నడి చలికాలంలో, పరీక్ష. చేను తెల్లగా గడ్డకట్టి ఉంది. ప్రిటోరియా నుంచి సూపరింటెండెంట్ హాటింగ్ వచ్చింది. పొట్టి మనిషి, మందపాటి కళ్లద్దాలు, తన టీ తనే ఫ్లాస్కులో తెచ్చుకుంది. ఆవిడకి పాకిసో మీద జాలీ లేదు, మా మీద కోపమూ లేదు. కాగితం మీద మాత్రం విపరీతమైన భక్తి. నా చేతిలోంచి ఆనాటి డ్యూటీ షీటు తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసుకుని చదివింది.

"హ్యాండ్లరు, మొలాపో. దొంగ... మొలాపో."

ఆవిడ షీటు మీంచి తలెత్తి బెస్టర్ వైపు తిరిగింది.

"ఇన్‌స్పెక్టర్, ఈయన తనని తనే తరుముకుంటాడా?"

బెస్టర్ నావైపు చూశాడు. నేను నా బూట్లవైపు చూశాను. పదకొండేళ్లుగా ఆ షీటులో ఆ గడిలో వేలు కొట్టింది ఆ పేరే. ఆవాళ కూడా మెదడుని అడక్కుండా వేళ్లే కొట్టేశాయి. నా ఉద్యోగంలో అంతకు ముందూ తర్వాతా అంత ఘనమైన తప్పు చెయ్యలేదు.

"వేరే దొంగ లేడు మేడమ్," అన్నాడు బెస్టర్, కాస్త తేరుకుని. "కాస్పర్‌తో అలవాటున్నవాడు ఇతనొక్కడే. దొంగ లేకపోతే పరీక్ష జరగదు. పరీక్ష జరక్కపోతే తప్పినట్టే మరి."

"వంతులవారీగా అని ఉత్తర్వు ఉందిగా. మీకు అందలేదా?"

"అందింది మేడమ్," అన్నాను నేను. "టీ డబ్బుల జాబితా కిందుంది." నా తప్పు దిద్దుకోవడానికి అంతకన్నా దారి కనబడలేదు.

హాటింగ్ షీటులో మొలాపోకి పైనున్న పేరు మీద పెన్సిలు పెట్టింది. "లూట్స్. తొడుక్కో."

లూట్స్ తొడుక్కున్నాడు. ముందు ఎర్రబడ్డాడు, తర్వాత అతనికి నవ్వొచ్చింది. కాస్పర్ పుట్టాక తెల్లచేతిని పట్టింది లేదని మా అందరికీ తెలుసు. లూట్స్ చేను మధ్యదాకా షికారుకెళ్లినట్టు వెళ్లి, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. పాకిసో కాస్పర్ని వదిలాడు. అది మంచు చిమ్ముకుంటూ వెళ్లి, లూట్స్ ముందు ఆగి, కూర్చుని, తోకూపింది.

"మంచోడివిరా!" అన్నాడు లూట్స్. హ్యాండ్లర్లు పగలబడి నవ్వారు. బెస్టర్ మీసం కింద నవ్వాడు. పాకిసో కదల్లేదు. ఆయన మొహం చూడలేక నేను ఆయన మెడ చూస్తున్నాను.

మంచోణ్ణి నిమురుదామని లూట్స్ దొంగ చెయ్యి చాచాడు. కాస్పర్ దాన్ని వాసన చూసింది. మనిషి ఎవరైతేనేం, ఆ గోనెలో ఇంకింది పదకొండేళ్ల పాకిసో చెమట. కాస్పర్ తోక ఆగింది. తర్వాత నవ్వులూ ఆగాయి.

పట్టు పట్టింది చూడండి, లూట్స్ అరుపుకి కంచె మీద కాకులు లేచాయి. మంచు మీద జారి మోకాళ్ల మీద పడ్డాడు, లేచాడు, గిరగిరా తిరిగాడు. తిరిగినకొద్దీ అది బిగించింది.

"బాబాయ్! బెస్టర్ బాబాయ్! చెప్పండి దానికి!"

బెస్టర్ ఊపిరి పీల్చాడు. ఆయన ఒక్కమాటంటే కాస్పర్ వదులుతుంది. అన్నాడంటే పాకిసో పరీక్ష అక్కడితో సరి. ఆయనకి రెండూ కావాలి.

హాటింగ్ పెన్సిలెత్తింది. "మీరు నోరు తెరిస్తే బయటివాళ్ల జోక్యమని రాస్తాను. పరీక్ష రేపు మళ్లీ మొదట్నించీ పెడతాను. దొంగ కూడా ఇతనే."

"వద్దు బాబాయ్! నోరు తెరవకండి!" అని అరిచాడు లూట్స్.

పాకిసో నడిచి వెళ్లాడు, పరిగెత్తలేదు. నాలుగడుగుల దూరంలో ఆగాడు. "లోస్" అనలేదు. అంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

"లూట్స్. కదలకు."

"దీన్ని తియ్యి ముందు!"

"నువ్వు కదిలితే అది వదలదు. అరిస్తే వదలదు. కంచె గుంజలా నిలబడు."

"నువ్వెవడివిరా నాకు చెప్పడానికి..." అని గుంజాడు లూట్స్. గోనె పిర్రుమని చిరిగింది. లోపలి తోలు కనబడింది.

"కాన్‌స్టేబుల్ లూట్స్," అన్నాడు పాకిసో, అదే గొంతుతో. "నిలబడు. ఇది ఆర్డరు."

లూట్స్ కళ్లనిండా నీళ్లు. కాస్పర్ వైపు చూశాడు, బెస్టర్ వైపు చూశాడు, చివరికి పాకిసో వైపు చూశాడు. "సరే సార్జెంట్," అని పళ్లు బిగబట్టి గుంజలా నిలబడ్డాడు. కాస్పర్ గుర్రుమంది, ఎదురుచూసింది, విసుగొచ్చి దవడ వేలెడు సడలించింది.

"లోస్."

వదిలింది. వెనక్కి వచ్చి పాకిసో ఎడమకాలి పక్కన కూర్చుంది. ఆయన వైపు చూడనైనా లేదు. హాటింగ్ గడియారం చూసి కాగితం మీద రాసుకుంది: పట్టు నుంచి విడుపు దాకా యాభై సెకన్లు, ఉత్తీర్ణుడు. ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్లిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హ్యాండ్లర్లు పాకిసోని దాటుకుని, లూట్స్ భుజమ్మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లారు. తోలుతాడు చుట్ట చుట్టుకుంటూ చేనులో మిగిలింది ఆయనా, కాస్పరూ.

మధ్యాహ్నం లోపే లూట్స్ ఫిర్యాదు నా బల్ల మీదకి వచ్చింది. తన చేతిని జాగిలం నోట్లో పది నిమిషాలకి పైగా కావాలనే ఉంచేశాడని సార్జెంటు మొలాపో మీద. చేతి మీద గాయం లేదు, నీలంగా కమిలింది అంతే. పది నిమిషాలని నేను ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను. బెస్టర్ పాకిసోని పిలిపించి కాగితం ముందుకి తోశాడు.

"యాభై సెకన్లని ఆవిడంటుంది, పది నిమిషాలని వీడంటాడు. దీనికి ఏం సంజాయిషీ రాయమంటావు?"

పాకిసో ఫిర్యాదు మొదట్నించి చివరిదాకా చదివి, తిరిగి బల్ల మీద పెట్టాడు.

"ఆ గోనెలో కాలం అలాగే సాగుతుంది సార్, పదకొండేళ్లకి అలవాటైపోతుంది."