మా బావ ఇంటి మెట్లు

మొన్న మండపేటలో ఒక బ్యాంకు మెట్ల పక్కన చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలుదారి, అదే రాంపు, చూశాను. దాని నిండా మోటారు సైకిళ్లే. అక్కడ బండి ఆపుతున్నాయనతో, అలాంటి దారి అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలని చెప్పబోయాను. "ఇప్పుడు బండి తియ్యమంటారేంటండి?" అన్నాడు. లైబ్రరీలో చదివింది ఎవరికో ఒకరికి చెబితేగాని నాకు తోచదు. పదో తరగతి తప్పాక నా చదువంతా అక్కడిదే మరి.

ఆ కొలత నేర్చుకున్నది మా బావ కోసం. మా చెల్లెలి భర్త. రైస్‌మిల్లులో బస్తాలు మోసేవాడు. ఒకనాడు లారీ మీంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. మా వైపు ఇళ్లన్నీ ముంపుకి భయపడి ఎత్తుగా కట్టినవే. వాళ్ల అద్దె ఇంటికీ ఐదు మెట్లు. మెట్లు లేని ఇంటి కోసం ఊరంతా తిరిగాం. కుర్చీ సంగతి వినగానే, "మా అల్లుడు దిగుతున్నాడండి, ఇల్లు ఖాళీ లేదు" అనేవారు. ఊళ్లో అంతమంది అల్లుళ్లున్నారని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి ఆ ఇంటికే వాలుదారి కట్టించుకుందామని, పుస్తకంలోని బొమ్మ కాగితం మీద దించుకుని ఇంటి ఓనరు గారి దగ్గరికి వెళ్లాను. అంత పొడవు పట్టాలంటే అది మెలిక తిరిగి వాకిట్లో ఈశాన్యం మూల దాకా రావాలి. ఆవిడ కాఫీ ఇచ్చి, బొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఈశాన్యంలో బరువు పెట్టకూడదు కదండీ. మీకు తెలియందేముంది, చదువుకున్నోరు" అన్నారు. చదువుకున్నోరు అన్నాక ఇంకేం మాట్లాడను? లేచి వచ్చేశాను.

మా చెల్లెలు వాళ్లు వెళ్లే చర్చిలో అడిగితే, ఆవిడతో ఎవరైనా మాట్లాడతారనుకున్నాను. సంఘస్థులు నొచ్చుకున్నారు. "రాంపెందుకండీ, మేం లేమా?" అన్నారు. అన్నట్టే ఆదివారం నలుగురు వచ్చి మా బావని కుర్చీతో సహా ఎత్తి చర్చికి తీసుకెళ్లారు. మా చెల్లెలు సంతోషంతో ఏడ్చింది. మా బావ మాత్రం, "ఇన్నాళ్లూ బస్తాలు మోసేను బావా, ఇప్పుడు నేనే బస్తా" అని నవ్వాడు. కోతలు మొదలయ్యాక ఒక ఆదివారం ఇద్దరే వచ్చారు. మెట్ల మధ్యలో కుర్చీ ఒరిగింది. వీధంతా చూస్తుండగా కింద పడ్డాడు. లుంగీ తొలగిపోతే మా చెల్లెలు పరిగెత్తుకొచ్చి తన కొంగు కప్పింది. పై వారం వాళ్లు మళ్లీ వచ్చారు. "ఒంట్లో బాలేదండి" అన్నాడు మా బావ. ఆ తర్వాత ఎవరూ రాలేదు, అతనూ అడగలేదు.

ఇప్పటికీ ఆ ఇంట్లో ఒక గదిలోనే ఉంటున్నాడు. వీధిలో ఎవరిని కదిపినా, "అలవాటు పడిపోయాడండి, పాపం" అంటారు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు గాని, మా బావ విషయంలో అది చేసిందల్లా, అతను కనబడకపోవడాన్ని వీధికి అలవాటు చెయ్యడమే.