ఫొటోల బండికి ఒంటి తుమ్ము

నిమ్మాడలో పుట్టి టెక్కలికి కాపురానికొచ్చిన నీలవేణి సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. రెండు ఊళ్లకీ అదేమంత దూరం కాదు. పుట్టింట్లో పొలం పనులతో తీరిక లేకపోయింది, అత్తింట్లో తీసుకెళ్లేవాడు లేకపోయాడు. మొగుడు సింహాద్రి మాత్రం ఫొటోలు తీయడానికి ఊరూరా తిరిగేవాడు. తెల్లదొరల కాలం, ఆ దారుల్లో మోటారుబళ్లు ఇంకా తిరగని రోజులు. ఆ చుట్టుపక్కల కెమెరా ఉన్నవాడు అతనొక్కడే, ఆ సంగతి అతను క్షణం కూడా మర్చిపోడు. "నానూ ఒత్తాను మావా" అని నీలవేణి అడిగినప్పుడల్లా "ఒచ్చే తడవ" అనేవాడు. ఆ వచ్చే తడవ ఎన్నేళ్లకీ రాలేదు.

ఒక పుష్యమాసంలో సముద్రం ఒడ్డునున్న భావనపాడు నుంచి కబురొచ్చింది. అక్కడి తవిటయ్య కొత్త పడవ కట్టించాడు, ఫొటో తీయించుకుంటాడట. సింహాద్రి సామాను ఎంచడానికి కూర్చున్నాడు. ఎంచడమంటే కొన్ని వదలడం. సింహాద్రికి వదలడం చేతకాదు. కెమెరా, మూడుకాళ్ల స్టాండు, గాజుపలకల పెట్టె, నల్లగుడ్డ లేకపోతే పని జరగదు, సరే. ఆ పైన మేడ బొమ్మ వేసిన తెర, దానికి వెదురుకర్రలు, మఖమలు కుర్చీ, కాగితం పూలకుండీ, నడవని గడియారం, ఎవరికీ సరిపోని కోటు.

"పడవ కాడ పూలకుండీ ఏటికి మావా?"

"నీకేటి తెల్సు? మనిసి గొప్పగా కనపడాల!"

"ఆ కుర్చీ తీసెత్తే ఆ సోట్లో నాను కూకుంటాను కదా."

"పెళ్లికెల్తా పిల్లిని సంకనెట్టుకున్నట్టు, నువ్వెందుకే!"

పిల్లి అన్న మాట నీలవేణికి గుచ్చుకుంది. ఇంకొకతె అయితే మూల కూర్చుని ఏడ్చేది. ఈవిడ తిన్నగా అత్తగారి దగ్గరికి వెళ్లింది. అత్తగారు అప్పలనరసమ్మకు ముక్కుపొడుం అంటే ప్రాణం, కొడుకు బడాయి అంటే ఒళ్లుమంట. సంగతంతా విని, బోసినోటితో నవ్వి, కాస్త పొడుం కోడలి కొంగున ముడివేసింది.

"ఒక్కోపాలికి ఒక్కటే తుమ్మాల. రెండు తుమ్మినావంటే శుభమైపోద్ది, జాగర్త!" అంది.

తెల్లారి బండి కట్టారు. బండి తోలే రామూర్తి ఎద్దుల్ని అదిలించాడో లేదో, గుమ్మంలోంచి గట్టిగా ఒక తుమ్ము వినబడింది. ఒంటి తుమ్ము! సింహాద్రి ఎంత కొత్తకాలం పనిముట్టు పట్టినా, ఒంటి తుమ్ముకు మాత్రం తాతల కంటే ఎక్కువ భయపడతాడు. బండి దిగి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు.

"బండిలో ఏదో గిట్టని వస్తువుందిరా. నువ్వే సూసి దించు" అంది తల్లి గంభీరంగా.

అతను ఆలోచించి ఆలోచించి పూలకుండీ దించాడు. బండి కదలబోయింది. మళ్లీ తుమ్ము. ఈసారి గడియారమూ కోటూ దిగాయి. అప్పటికే ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చి చోద్యం చూస్తున్నారు. ఇంకో తుమ్ముకు కుర్చీ దిగింది. చివరికి తెర వంతు వచ్చినప్పుడు అతని ముఖం చూడాలి. కూతుర్ని అత్తారింటికి పంపేవాడైనా అంత బెంగపడడు.

"ఇప్పుడు బండి బోసిపోయిందిరా" అంది అప్పలనరసమ్మ. "ముత్తయిదువ ఎదురొత్తేనే మంచి శకునం. పక్కనే కూకుంటే మరి సెప్పాలా?"

సింహాద్రి నోరు తెరిచేలోగా నీలవేణి బండెక్కి కూర్చుంది.

బండి ఇసుక దిబ్బ ఎక్కగానే సముద్రం కనిపించింది. నీలవేణి బండిలోనే లేచి నిలబడింది. ఇంత ఉంటుందా అనుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత పెద్దదాన్ని ఇన్నాళ్లూ తనకు కనబడకుండా దాచాడు కదా అని మొగుడి మీద కోపం కూడా వచ్చింది.

కొత్త పంచె కట్టుకుని ఎదురొచ్చిన తవిటయ్య, బండిలోకి తొంగిచూసి నీరుగారిపోయాడు.

"మేడ ఏది బాబూ? సముద్రాన్ని పుట్టిన కాణ్నుంచీ సూత్తన్నాను. మేడ ముందు నిలబడదామనే కదా కబురెట్టినాను! అది నేకపోతే నాకు ఫొటో వద్దు."

సింహాద్రి పెళ్లాం వైపు కొరకొరా చూశాడు. నీలవేణి గబగబా బండి దిగింది. ఈ బేరం పోయిందంటే ఇక ఈ జన్మలో తనకు బండిలో చోటు దొరకదు.

"అన్నా! టెక్కల్లో ఆ మేడ ముందు నిలబడనోడెవుడు? కరణంగారిదీ అదే మేడ, ఆయన బండి తోలేవోడిదీ అదే మేడ. ఇలాటి పడవ ఎవుడికుంది?" అంది.

తవిటయ్య కాసేపు మీసం నిమురుకున్నాడు. తర్వాత వెళ్లి పడవ మీద చెయ్యి వేసి, జమీందారులా నిలబడ్డాడు. ఫొటో అయిపోయింది.

ఇంకో ఫొటోకి సరిపడా గాజుపలక ఒకటి మిగిలింది. సింహాద్రి గొంతు సవరించుకుని, "ఎల్లి అక్కడ నిలబడు. మూత తీసి మళ్లీ ఎట్టీదాకా కదలకు" అన్నాడు పెళ్లాంతో. ఒచ్చే తడవ అనలేదు.

నీలవేణి సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. అతను కెమెరా మూత తీశాడు. అదే అదనుగా గాలి కొంగును ఎగరేసి ముఖాన కొట్టింది. ముడిలో మిగిలిన పొడుం ముక్కుకెక్కింది. ఈసారి తుమ్ము నిజంగానే వచ్చింది.

సింహాద్రి పరుగున వచ్చి ఆ ముడి పట్టుకు చూశాడు. తల్లి పొడుం వాసన అతనికి తెలియనిదా! "ఓసి నీ..." అనబోయి తనూ గట్టిగా తుమ్మాడు.

"రెండయినాయి మావా, శుభం" అంది నీలవేణి.

ఎంత కోప్పడదామన్నా అతనికి నవ్వే వచ్చింది. ఆ తర్వాత ఏ ఊరికి బండి కట్టినా ముందు పెళ్లాన్ని ఎక్కించి, మిగిలిన చోటును బట్టి సామాను ఎంచుకునేవాడు.

ఆ ఫొటోలో సముద్రం, ఇసుక, పడవ అన్నీ స్పష్టంగా పడ్డాయి. నీలవేణి ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి మసక. అయినా దాన్ని ఆవిడ ముందుగదిలో వేలాడదీసింది. ఇంటికొచ్చినవాళ్లు "ముఖం ఏదే?" అని అడిగేవారు.

"ముఖం రోజూ ఇంట్లోనే ఉంటాది. సముద్రం ఉంటాదేటి?" అనేది.