సీసం జాడ

మట్టి పరీక్షల ప్రయోగశాలలో ఆమెను అందరూ జల్లెడక్క అనేవారు. సంచుల్లో వచ్చిన మట్టిని ఆరబెట్టి, గడ్డలు చిదిపి, జల్లించి, మెత్తగా నూరి, యాసిడ్‌లో మరిగించి మిషనుకు అందించడం ఆమె పని. అందులో ఇనుమెంత, జింకెంత, సీసమెంత అన్నది మిషను చెబుతుంది. జల్లెడ సరిగ్గా కడక్కపోతే మాత్రం నిన్నటి మట్టి సంగతి ఇవాళ్టి మట్టికి అంటగడుతుంది. అందుకని ఆమె కడిగిందే మళ్లీ కడిగేది. యాసిడ్ సీసా మూత తియ్యాలంటే చేరిన కొత్తలో ఎంత భయమో, ఇప్పటికీ అంతే.

ఆమె పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి కుటుంబం దగ్గర్లోనే, పక్క వీధిలో ఉండేది. చెల్లెలి కూతురికి మూడేళ్లు. నోరు మూతపడదు కనుక పిచ్చుక అని పిలిచేవారు. సాయంత్రం పని దిగగానే జల్లెడక్క నేరుగా అక్కడికే వెళ్లేది. ఆమె చెప్పులు విడిచేలోపే పిచ్చుక వచ్చి కాళ్లకు చుట్టుకునేది.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి పిచ్చుక మాటలు తగ్గాయి. తిండి సయించక కడుపు పట్టుకుని ఏడ్చేది. వచ్చిన మాటలే మర్చిపోసాగింది. వీధిలో కుక్కను చూసి, ఏమనాలో తెలియక, వేలు చూపించి ఊరుకుంది. డాక్టరమ్మ మొదట నులిపురుగుల మందిచ్చింది. ఒంట్లో రక్తం తక్కువుందని టానిక్ రాసింది. గుణం కనిపించకపోయేసరికి రక్తాన్ని పెద్ద పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ పిల్లను తీసుకుని వెళ్లారు.

"పాప రక్తంలో సీసం బాగా ఎక్కువగా ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పనో, రంగుల పనో చేస్తారా?"

"లేదండీ. మా ఆయన బస్సు నడుపుతారు," అంది చెల్లెలు.

జల్లెడక్కకు తన పని గుర్తొచ్చింది. ఆ నెలంతా ఆమె నూరింది పాత బ్యాటరీలు పగలగొట్టిన స్థలం మట్టే. "నేను చేస్తానండీ. మట్టి పని. సీసం ఉన్న మట్టి," అంది.

చెల్లెలు తల తిప్పి చూసింది.

"మందు మొదలుపెడదాం. కానీ సీసం ఎట్నుంచి వస్తోందో కనుక్కుని ఆపకపోతే మందు వేసీ లాభం లేదు," అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిచ్చుక పెద్దమ్మ ఒళ్లోకి రాబోయింది. చెల్లెలు పిల్లను ఇటు రానివ్వకుండా తన అవతలి పక్కకు జరిపి కూర్చోబెట్టుకుంది.

మర్నాడు జల్లెడక్క తన సంచీ, చెప్పులు, ముందురోజు కట్టిన చీర ప్రయోగశాల బల్ల మీద పెట్టింది. పని కోటు ఎప్పుడూ అక్కడే విడిచి వెళ్లేది. కానీ దుమ్ము కోటు దగ్గరే ఆగుతుందా? విషయం విని, ప్రయోగశాల పెద్దగా ఉన్న సారు బీరువాలోంచి చేతి మిషను తీశారు. తుపాకీలా ఉంటుంది. దేనికి ఆనించి నొక్కితే దానిలో ఏ లోహం ఎంతుందో అక్కడికక్కడే చూపిస్తుంది.

"మీరే నొక్కండి సారూ. నేను చూడలేను," అంది.

సంచీలో ఏమీ లేదు. చీరలో లేదు. చెప్పుల అడుగున కొంచెం చూపించింది.

"ఇంతమాత్రం రోడ్డు మీద నడిచే వాళ్లెవరి చెప్పులకైనా ఉంటుందమ్మా," అన్నారు సారు.

"పిల్ల వాటిని నోట్లో పెట్టుకునుంటే?"

"పెట్టుకున్నా రక్తంలోకి అంత రాదు. పద, పాప ఉండే ఇల్లు చూద్దాం."

చెల్లెలు తలుపు తీసి పక్కకు తప్పుకుంది గానీ అక్కను పలకరించలేదు. పెరటి మట్టి చూశారు. మామూలు మట్టే. గిన్నెలు, కుళాయి, పిండి డబ్బా, బొమ్మలు, పక్కబట్టలు ఒక్కొక్కటే చూశారు. ఎందులోనూ లేదు. సారు "లేదు" అన్నప్పుడల్లా జల్లెడక్క ఇంకో వస్తువు తెచ్చి ముందు పెట్టింది. ఇంట్లో దేనిలోనూ లేకపోతే ఇక మిగిలింది తనే.

చివరికి ముందు గదిలో కిటికీ దగ్గరికి వచ్చారు. సారు కిటికీ చట్రం కింది చెక్కకు మిషను ఆనించారు. అంకె ఒక్కసారిగా ఎగబాకింది. తుడిచి మళ్లీ నొక్కారు. మళ్లీ అంతే. పైన వేసిన నీలం రంగు పెచ్చులూడి, కింద, సీసం కలిపి తయారుచేసిన పాతకాలం పచ్చరంగు బయటపడింది. చెక్క అంచున చిన్న చిన్న పంటి గాట్లు.

"పాప ఇక్కడ నిలబడుతుందా?" అని అడిగారు సారు.

"రోజూ నిలబడుతుందండీ," అంది చెల్లెలు. "సాయంత్రమైతే చాలు, వాళ్ల పెద్దమ్మ వచ్చేదాకా ఇక్కణ్ణించి కదలదు."

జల్లెడక్క వంగి ఆ పంటి గాట్లు చూసింది. తప్పు తనది కాదని తేలింది. అయినా పిల్ల ఆ చెక్క కొరికింది తనకోసం ఎదురుచూస్తూనే.

ఆ సాయంత్రమే తల్లీకూతుళ్లు జల్లెడక్క ఇంటికి మారారు. పనివాళ్లు దుమ్ము లేవకుండా తడిపి తడిపి ఆ రంగంతా గీకేశారు. పిచ్చుకను ఆసుపత్రిలో చేర్చారు. తప్పు అక్కది కాదని తేలినా చెల్లెలు మాట్లాడేది అవసరం మేరకే. పిల్లను ఆమె చేతికిచ్చేది కాదు. ఒకరోజు ఆసుపత్రిలో, నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో, పిచ్చుకను తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది.

"కాస్త పట్టుకో. మొహం కడుక్కొస్తాను," అంది.

సీసం మెల్లగా దిగింది. మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. బడిలో అక్షరాలు దిద్దడానికి మిగతా పిల్లల కంటే ఎక్కువ కాలం పట్టింది. అది సీసం వల్లనో, పిల్ల తీరే అంతో తను చెప్పలేనంది డాక్టరమ్మ. పిచ్చుక మాట కోసం తడుముకున్నప్పుడల్లా జల్లెడక్క ఆ మాట తనే అందించేది.

చెల్లెలి వీధిలో ఇళ్లన్నీ ఒకే కాలంలో కట్టినవి. సారునడిగి మిషను తెచ్చుకుని, ఆమె చెల్లెల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లింది. ఒకాయన మొహం మీదే తలుపేశాడు. పక్కింట్లో చంటిపిల్లను భుజాన వేసుకున్న ఒకావిడ మిషను చూసి జంకి వెనక్కి తగ్గింది.

"ఏంటది? ఏం చూస్తారు?"

"కిటికీలు చూస్తామమ్మా, పిల్లదాన్ని కాదు," అంది జల్లెడక్క.

"ఏమైనా ఉంటే?"

"ఉంటే గీకించేద్దాం. ఎలాగో మేం చెబుతాం," అంటూ చెల్లెలు ముందుగా లోపలికి నడిచింది.