రెండు గంటల ప్రయాణం

సహోదరులారా, మా ముత్తాత నర్సిరెడ్డి పటేల్, మా తాత లచ్చిరెడ్డి పటేల్. ఎల్బీ నగర్‌లో కాలనీలు లేవక ముందు ఆ నేల మీద మూడు బావులు, రెండు మామిడి తోటలు మావే. తాత బండి వస్తుంటే దారిన పోయేవాళ్లు చెప్పులు చేతబట్టుకుని పక్కకు నిలబడేవారు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

నా తమ్ముడు మాధవరెడ్డి ప్రభువును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్న రోజున వాణ్ని వాకిట్లోనే ఆపి, ఈ గడప తొక్కొద్దన్నాను. వాడు ఢిల్లీలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, బావి పక్క ఆరు గుంటల నేల మిగిలింది, నా పొగరు మాత్రం గుంటెడు కూడా తగ్గలేదు!

ఒక సోమవారం పొద్దున టెలిగ్రాం వచ్చింది. తమ్ముడు దవాఖానలో ఉన్నాడు, అన్నను చూడాలంటున్నాడు, వెంటనే రమ్మని.

నా భార్య అప్పటికప్పుడు సంచి సర్దింది. "పొద్దుగూకంగ రైలున్నదట, ఎక్కుండ్రి. ఎల్లుండి తెల్లారేసరికి తమ్ముని కాడుంటరు."

"పటేల్ ఇంటోడు జనరల్ డబ్బాల నిలబడి పోతడా? విమానమైతే రెండు గంటలే."

"రెండు గంటలే. కానీ మీరు ఎక్కేదెప్పుడు?"

వినలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్లాట్లు అమ్మే గుంటూరాయన దగ్గరికి వెళ్లి ఆ ఆరు గుంటలూ కొనమన్నాను. సంగతి విని ఆయన, "రైలు చార్జీ నేనిస్తానండీ, ముందు మీరు బయల్దేరండి. స్థలం ఎక్కడికి పోతుంది?" అన్నాడు. నాకు దానం చేసేంతటి వాడివా, కాగితం రాయమన్నాను. రాశాడు. విమానంలో సీటు గురువారానికి గాని దొరకలేదు.

రైలు దారి పదహారు వందల కిలోమీటర్ల పైనే, అయినా ఆ సాయంత్రమే ఎక్కి ఉంటే బుధవారం తెల్లవారికి వాడి మంచం దగ్గర ఉండేవాణ్ని. గురువారం కిటికీ పక్కన నిటారుగా కూర్చుని, రెండు గంటలు మేఘాలు చూస్తూ పోయాను. తమ్ముడు బుధవారం సాయంత్రమే కన్నుమూశాడు.

దవాఖానలో వాడి పక్క మంచం మీద వరంగల్ మనిషి ఉన్నాడు. "తలుపు దిక్కే చూసిండన్నా. 'ప్రభువా, మా అన్న దూరం నుంచి ఒస్తున్నడు, జర దారి దగ్గర చెయ్యి' అని ఒకటే ప్రార్థన."

మా వంశంలో ఎవరికీ వంగని మోకాళ్లు ఆ ఖాళీ మంచం పక్కన వంగాయి. "ప్రభువా, నేను ఆలస్యం చేశాను. నా తమ్ముడు అడిగింది తోసివేయకు, నన్ను నీ దగ్గరికి చేర్చు." ఏ వెలుగూ కనబడలేదు, ఏ స్వరమూ వినబడలేదు. కానీ తిరిగి వచ్చేటప్పుడు జనరల్ డబ్బాలో ఎవరో కూలీ మనిషి తన రొట్టె సగం తుంచి ఇస్తే, చేయి చాచి తీసుకుని ఏడుస్తూ తిన్నాను. నా పొగరు నుంచి నన్ను విడిపించిన దేవునికే మహిమ! దుఃఖం మాత్రం పోలేదు, నేటికీ చంపాపేట్ ప్రార్థనలో చాప మీద కూర్చున్నప్పుడల్లా వస్తుంది.

మీవాళ్లెవరైనా పిలుస్తుంటే ముందు కదిలే బండి ఏదైతే అదే ఎక్కండి సహోదరులారా! ఆలస్యంగా వచ్చిన నన్ను కూడా యేసయ్య వెళ్లగొట్టలేదు, ఆయన్ని నమ్మండి.

ఆ టికెట్టు కోసం అమ్మింది మా చివరి ఆరు గుంటలు. బావి పూడ్చి ఇళ్లు కట్టారు.