గాయపాకు, గుంటగలగర

ప్రొద్దుటూరులో మా సందు మొదట ఒకావిడ నువ్వుల నూనెలో గుంటగలగరాకు పసరు పోసి తలనూనె కాస్తుంది. యాభై దాటినదాన్ని, బళ్ళో పిల్లల్ని గదమాయించి బతికిన టీచరమ్మను, అయినా ఆ పచ్చివాసన కిటికీలోంచి వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి తలుపు గడియ పడిందో లేదో చూసుకుంటాను.

మాది సింహాద్రిపురం దగ్గర ఒక పల్లె. ఊళ్ళో రెండు పార్టీలు. ఎన్నికలకు జెండాల రంగులు మారేవి గానీ ఆ రెండిళ్ళ పగ మారేది కాదు. మా చర్చి వీధి ఒక పార్టీవాళ్ళ ఇళ్ళ వెనకే ఉండేది కాబట్టి, మేం ఎవరి జోలికీ పోకపోయినా, రెండో పార్టీవాళ్ళు మమ్మల్ని ఆ జట్టులోనే జమకట్టేసేవాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నాలు, చీనీతోటల బత్తాయి వాసన, బొరుగుల ఉగ్గాని, చల్లటి మజ్జిగ, అన్నీ ఉండేవి. కానీ యాడో టైరు పేలినా అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసేది.

నాయనమ్మను మేం జేజి అంటాం. జేజి కాచే తలనూనె రెండు పార్టీల ఆడవాళ్ళూ వాడేవాళ్ళు. తన కళ్ళకు పొర కమ్మాక ఆకు ఏరే పని నాకు నేర్పింది. చామంతి జాతిలో అన్నీ అక్కచెల్లెళ్ళేననీ, మొహం చూసి మోసపోవద్దనీ చెప్పేది. గాయపాకు మెట్టనేలలో పాకుతుంది, ఆకు అంచు రంపంలా ఉంటుంది, నూగు గరగరమంటుంది, పొడుగాటి కాడ మీద పసుపు బొడ్డు, చుట్టూ నాలుగైదు తెల్ల రేకులు. ఆ కాడను మెలివేసి పువ్వును టప్పున ఎగరగొట్టి ఆడుకునేవాళ్ళం, ఆకుతో పలకలు తుడుచుకునేవాళ్ళం, మోకాలు చీరుకుపోతే పసరు పిండుకునేవాళ్ళం. గుంటగలగర తడి ఉన్నచోటే పెరుగుతుంది, ఆకు సన్నం, పువ్వు చిన్నది, బొడ్డుతో సహా తెల్లనిది. మేకలు పూలు కొరికేసిన చోట ఏది ఏదో తెలియకపోతే, ఆకు అరచేతిలో నలిపి వంద లెక్కపెట్టమనేది జేజి. గుంటగలగరైతే పచ్చ పసరు నల్లబడుతుంది, గాయపాకైతే పచ్చగానే ఉంటుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక పొద్దున మా వీధి చివర బాంబు పేలింది. గంటలో పోలీసులు దిగి, దొరికిన మగవాళ్ళందరి చేతులూ తిప్పి తిప్పి చూశారు. బట్టలు కుట్టే మా చిన్నాయన అరచేతులు నల్లగా ఉన్నాయి. ముందురోజు జేజి నూనెకు ఆకు రుబ్బింది ఆయనే. ఆ మరక నాలుగు రోజులైనా పోదు. కొత్తగా వచ్చిన ఎస్సైకి అది మందుగుండు మసిలా కనబడింది.

"ఆకు పసరు సార్, తలనూనెకు రుబ్బినా" అన్నాడు చిన్నాయన.

"పచ్చాకు నూరితే నల్లమరక పడుతుందా? అయితే ఆకు తెప్పించు, నా ముందర నలిపి చూపించు."

నాయన కోర్టు వాయిదాకు జమ్మలమడుగు పోయినాడు. అమ్మ చంకలో తమ్ముడు జ్వరంతో కాలిపోతున్నాడు. ఉన్న ఆకంతా నూనెలో పడిపోయింది. జేజి అరుగు మీంచి నన్ను పిలిచి, "పరిగెత్తి పోమ్మా, చీనీతోట కాలవలో ఉంటాది" అంది.

ఆ ఎండల్లో తడి ఉన్నది ఆ కాలవ ఒక్కటే. తోట రెండో పార్టీవాళ్ళది. నేను గట్టు దాకా పోయాను. చెట్ల నీడలో ఇద్దరు నిలబడి మా వీధి వైపే చూస్తున్నారు. వాళ్ళ చేతుల్లో ఏముందో కనబడలేదు. నేను గట్టు దాటలేదు. గట్టుకు ఇవతల, ఎండిన నేలలో, మేకలు మొండి చేసిన ఆకు గుబురుగా ఉంది. అంచు రంపంలా ఉంది. చూశాను. ఇది కూడా అదేలే అని నాకు నేనే చెప్పుకుని, నలిపి చూడకుండా గుప్పెడు పీక్కుని పారిపోయి వచ్చాను.

ఎస్సై నా అరచేతిలోనే నలపమన్నాడు. జేజిని దగ్గరికి రానివ్వలేదు. వీధి వీధంతా నా చేతి వంక చూస్తోంది. వంద లెక్కపెట్టాను. మళ్ళీ వంద లెక్కపెట్టాను. యేసయ్యా, నల్లగా చెయ్యి, నల్లగా చెయ్యి అని లోపల ఏడ్చాను. పసరు పచ్చగానే ఆరిపోయింది.

చిన్నాయనను జీపెక్కించారు. అసలువాళ్ళు లొంగిపోయాక, నెలకో ఏమో, వదిలిపెట్టారు. స్టేషన్లో కొట్టిన దెబ్బలకు కుడిచేతి వేళ్ళు రెండు మళ్ళీ వంగలేదు. కుట్టుమిషను అమ్మేసి కూలికి పోయాడు. ఆకు ఆపూట ఎందుకో నల్లబడలేదని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు ఊళ్ళో బాంబుల మోత లేదు. తోటలకు డ్రిప్పు పైపులు వచ్చి కాలవలు పూడిపోయాయి, గుంటగలగర మొలిచే తడి లేదు. గట్లన్నీ వయ్యారిభామ కలుపు కమ్మేసింది. మొన్న చిన్నాయనకు ఒంట్లో బాగాలేదంటే చూడబోయి, మంచం పక్కన కూర్చుని, నలభై ఏళ్ళకు పైగా దాచిన మాట చెప్పేశాను. ఆయన ఆ వంగని వేళ్ళతోనే నా చెయ్యి తడిమాడు.

"నాకు ఆపొద్దే తెలుసు మే. నీ చేతిలో చూస్తానే గాయపాకని పోల్చుకుంటి. నోరు తెరిస్తే నిన్ను మళ్లా ఆ తోట కాడికి తోలుతారని గమ్మునుంటి."