గడప కింద రాణి రూపాయి

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా మాచర్లలో ఎవరింటికెళ్ళినా ముందు వినపడేది మాట కాదు, రూపాయి మోత. సర్కారు వెండి తగ్గించి కొత్త రూపాయలు వదిలిందని తెలిసిన కాడి నుంచీ జనానికి పిచ్చి పట్టింది. చేతికొచ్చిన ప్రతి రూపాయినీ నాపరాయి మీద విసిరి చెవి పెట్టేవాళ్ళు. ఖంగుమని సాగితే పాత వెండి, పెట్లోకి. టక్కుమని ఆగితే కొత్తది, బజారుకి. మా ఊళ్ళో నాపరాళ్ళకి కరువా? గోడలు అవే, అరుగులు అవే. ఊరు ఊరంతా ఖంగు ఖంగు!

నాకైతే ఆ పిచ్చి పెళ్ళికి ముందే ఉంది. అందరూ కాపరానికి పెట్టె నిండా చీరలు తెచ్చుకుంటే నేను రేకు డబ్బా నిండా నాణేలు తెచ్చుకున్నా. మా ఆయన బండికి నాపరాళ్ళేసుకొని కృష్ణ దాటి నైజాం ఊళ్ళకి పోయేవాడు. "పూలొద్దు, గాజులొద్దు, ఆడ చెల్లే రూపాయొకటి తీసుకురా" అని చెవిలో జోరీగలా పోరితే పోరితే, చార్మినార్ బొమ్మ ఉన్నది తెచ్చి ఒళ్ళో పడేశాడు. అబ్బ, ఆ సంబరం! అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటా కూచున్నా. పొయ్యి మీద జొన్న సంకటి మాడి బొగ్గయింది.

"ఒసే, ఇంట్లో ఏదో కాలుతుంటే ముక్కు ఏడ పెట్టుకున్నావే?" అని మా అత్త కేకలు. కేకలేస్తానే వచ్చి చార్మినార్ రూపాయి లాక్కొని చెవి దగ్గర మోగించింది. ఆమెది నా పిచ్చి కాదు, ఇంకో రకం పిచ్చి. నాకు బొమ్మలు కావాలి, ఆమెకి వెండి కావాలి. నా చిల్లుకాణీలు చూసి "బొక్క పడిందాన్ని ఎవురన్నా దాచుకుంటారటే?" అని ఎగతాళి చేసేది. పత్తి అమ్మినా, గేదె దూడని అమ్మినా, వచ్చిన రూపాయల్లో రాణి బొమ్మ ఉన్న పాత వెండివి ఏరి బొడ్లో సంచిలో దోపుకునేది. నేనొకసారి రూపాయిని చింతపండేసి తోముతుంటే పరిగెత్తుకొచ్చింది. "రాణి ముక్కు అరిగిపోయిద్దే, ఆపు!"

ఇద్దరికీ ఒక్క రూపాయి కాడే తంటా. నా డబ్బాలో ఒక రాణి రూపాయి ఉంది. నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. ఆ యేడే ఆమె పోయింది. నాకు అమ్మమ్మంటే ఇంక ఆ రూపాయే. అత్త కాడా ఒకటుంది. ఆమె పెళ్ళినాడు మెళ్ళో వేసుకున్న రూపాయల పేరులోది. పేరు కరువులో కరిగిపోయింది, ఈ ఒక్కటీ మిగిలింది. అంచున కొక్కెం అతికిన టంకం మచ్చ కూడా ఉంది. "మాచర్ల మొత్తమ్మీద నా రూపాయంత బాగా మోగేది లేదు" అని వచ్చినోళ్ళందరికీ చెప్పేది. "అయితే రెండూ పక్కపక్కన మోగిద్దాం రా అత్తా" అంటే మాత్రం, "రాణి రూపాయలేమన్నా పందెం కోళ్ళా, కొట్టించటానికి?" అని సంచి మూసేది. నాకు ఒళ్ళు మండేది.

అట్టా ఉండగా మేము రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాం. పద్మం చెక్కిన రాతి గడప దుర్గి నుంచి చేయించి తెచ్చాడు మా ఆయన. గడప ఎత్తే రోజు చుట్టాలొచ్చారు. మా ఆయన పెద్దమ్మ ఒకామె ఉంది, శాస్త్రాలన్నీ ఆమె నోట్లోనే. గుంటలో నవధాన్యాలు పోశాక మొదలుపెట్టింది. "గడప కింద కోడలు తెచ్చిన వెండి ఉండాలి. అప్పుడే లక్ష్మి ఇల్లు కదలదు. ఏదీ, మీ కోడలి రాణి రూపాయి?"

గడప కింద పెట్టింది మళ్ళీ పైకి రాదు. అత్త వంక చూశా, ఆమెన్నా అడ్డం పడిద్దేమోనని. "ఏంది అట్టా గుడ్లు మిటకరిస్తావ్? పో, తీసుకురా" అంది. తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెనక్కి తిరిగా. కళ్ళు తుడుచుకున్నా, ఎవరూ చూడలేదనుకున్నా. అత్తే దాన్ని పసుపు గుడ్డలో మూట కట్టి గుంటలో పెట్టింది. ఆ పూట ఆమెని చూస్తే కొరకాలనిపించింది.

ఇంతలో మా ఆయన మేస్త్రి చేతిలో దక్షిణ రూపాయి పెట్టాడు. మేస్త్రి ఊరుకుంటాడా? మోగించి చూడొద్దూ! ఎదురుగా ఉన్న గడప మీదే విసరబోయాడు. "మామా, పద్మం పగిలిద్ది!" అని మా ఆయన అరిచాడు. ఇద్దరూ కలిసి గడపని అటు తిప్పి, నున్నటి వైపు మోగించారు. పాతదంటాడొకడు, కొత్తదంటాడొకడు. చుట్టాలందరూ చెవులు రిక్కించి మీద పడ్డారు. పంతులు "ముహూర్తం దాటిపోతుందయ్యా!" అని మొత్తుకుంటే అప్పుడు ఉలిక్కిపడి, గడపని ఎట్టున్నదాన్ని అట్టాగే దించేశారు.

దించాక పెద్దమ్మ నోరు కొట్టుకుంది. "ఓరి మీ ఇల్లు బంగారంగానూ! పద్మం లోపలికి చూస్తందేందిరా?"

నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నా. సున్నం ఇంకా తడే కాబట్టి మళ్ళీ లేపారు. మూట సున్నంలో తడిసింది, వేరే పసుపు గుడ్డలో కట్టమంది పెద్దమ్మ. అత్త గబుక్కున చెయ్యి చాపింది గానీ నేనే ముందు అందుకున్నా. విప్పి చూస్తే లోపలున్నది రాణి రూపాయే. అంచున టంకం మచ్చ!

"ఇది నాది కాదు! నా రూపాయేదీ?" అని గట్టిగా అరిచేశా. అందరూ మా అత్త వైపు తిరిగారు. ఆమె మొహం ఎర్రబడింది. బొడ్లో సంచి లాగి నా అమ్మమ్మ రూపాయి తీసి నా అరచేతిలో కొట్టింది.

"అరవమాకే, ఎవురూ మింగలా. నీది బద్ద రూపాయి, మోగి చావదు. గడప కింద బద్దది పెడతారా ఎక్కడన్నా? అందుకని నాది పెట్టా."

బద్దదా! మా అమ్మమ్మ రూపాయి బద్దదా! నాకు తిక్క రేగింది. రెండూ తీసుకొని అక్కడే నాపరాయి మీద ముందు అత్తది విసిరా. టక్కుమని అక్కడే ఆగింది. తర్వాత నాది విసిరా. ఖంగ్... అని సాగి, సాగి, చుట్టాలందరి నోళ్ళూ మూయించింది. టంకం పెట్టిన రూపాయి మోగదు. ఆ సంగతి అత్తకి పెళ్ళినాటి నుంచీ తెలుసు.

నాకు అప్పుడు తెలివొచ్చింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒక్కసారే వచ్చాయి. "అత్తా, నీ పెళ్ళినాటిది..." అన్నా. ఆమె వినిపించుకోలేదు. తన రూపాయి ఏరుకొని కొత్త గుడ్డలో కట్టి, గుంటలో పెట్టి, అందర్నీ ఒక చూపు చూసింది.

"విన్నారుగా? మోగేది పైనుండాలి, మోగనిది కిందుండాలి. ఇంక గడప ఎత్తండి, పద్మం బయటికి చూడాలి!"